ఫోన్ మనదే, లాక్ ఎవరిది?

కలికిరి, పీలేరు, రాయచోటి వైపు పల్లెల్లో ఒకే ఇంట్లో నాలుగు దిక్కుల నుంచి వచ్చిన ఫోన్లు కనిపిస్తాయి. కువైట్‌లో పనిచేసే అన్న సెలవుకొచ్చినప్పుడు తెచ్చింది ఒకటి. అమెరికాలో ఉన్న మేనమామ కొడుకు కొత్తది కొనుక్కుని పంపించిన పాతది ఇంకొకటి. మదనపల్లెలో కంతుల మీద తీసుకున్నది మూడోది. బడిలో ఇచ్చిన ట్యాబ్ నాలుగోది. అన్నింట్లోనూ ఉండేది ఆండ్రాయిడే. ప్లే స్టోర్‌లో లేని యాప్ ఎక్కించబోతే మాత్రం ఒకటి సరేనంటుంది, ఒకటి హెచ్చరిక చూపిస్తుంది, ఒకటి ససేమిరా అంటుంది.

అప్పుడు చాలామంది నేరుగా సెల్ షాపుకు వెళ్లి "ఫోన్ లాక్ అయిందన్నా, తీసివ్వు" అంటారు. ఏ లాక్ అని షాపతను అడగడు. అడిగినా ఫోన్ తెచ్చిన మనిషి చెప్పలేడు. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా మొదలుపెట్టిన రిపేరు డబ్బు ఖర్చుతో ఆగదు. ఫొటోలు పోతాయి, బ్యాంకు యాప్ పనిచేయడం మానేస్తుంది, ఒక్కోసారి ఖాతాలో డబ్బూ పోతుంది. ఫోన్‌లో ఏ లాక్ ఉంది, అది వేసిందెవరు, తీసే హక్కు ఎవరిది అనే మూడు సంగతులు తేలితే సగం పని అయినట్టే.

మొదటిది సిమ్ లాక్. అమెరికాలో ఏటీ అండ్ టీ, టీ మొబైల్ లాంటి కంపెనీలు వాయిదాల మీద ఫోన్ ఇచ్చి, బాకీ తీరేదాకా తమ సిమ్ తప్ప మరొకటి పనిచేయకుండా చూసుకుంటాయి. అలాంటి ఫోన్ కలికిరికి చేరితే ఇక్కడి సిమ్ పట్టదు. అక్కడ డబ్బు కట్టిన మనిషి, బాకీ మొత్తం తీరాక, ఆ కంపెనీకే అన్‌లాక్ అభ్యర్థన పెట్టాలి. అందుకు కావలసిన ఐఎంఇఐ నంబరు *#06# కొడితే తెర మీదికి వస్తుంది. ఈ పని ఫోన్ అక్కడ ఉండగానే చేయించడం మేలు. కొన్ని ఫోన్లలో అన్‌లాక్ పూర్తికావడానికి ఆ కంపెనీ నెట్‌వర్క్ కూడా కావాల్సి రావచ్చు. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి, క్యారియర్ లాక్ ఎదురుగా "నో సిమ్ రెస్ట్రిక్షన్స్" అని ఉందో లేదో చూస్తే చాలు. కెనడా 2017 డిసెంబరు నుంచి, జపాన్ 2021 అక్టోబరు నుంచి, బ్రిటన్ 2021 డిసెంబరు నుంచి ఇలా లాక్ చేసిన ఫోన్ల అమ్మకాన్ని ఆపించాయి. ఆ తేదీల తర్వాత అక్కడ కొన్న ఫోన్ల విషయంలో బంధువులు ఈ దిగులు పెట్టుకోనక్కర్లేదు.

గల్ఫ్ ఫోన్ల సంగతి వేరు. శామ్‌సంగ్ కొన్ని ప్రాంతాల్లో అమ్మే ఫోన్లను మొదట ఆ ప్రాంతపు సిమ్‌తోనే వాడాలని పెట్టె మీద స్టిక్కర్ అంటిస్తుంది. అక్కడి సిమ్ వేసి కాసేపు కాల్ మాట్లాడితే ఆ నిబంధన తీరిపోతుంది. సీలు తీయకుండా కొత్త పెట్టెను అలాగే ఇంటికి తెచ్చేవారు స్టిక్కర్‌ను విమానం ఎక్కకముందే చదవాలి.

సిమ్ లాక్ ఉన్నంత మాత్రాన యాప్‌లు ఎక్కకుండా పోవు. అది నెట్‌వర్క్‌కు సంబంధించినది. లాక్ ఉన్న అమెరికా ఫోన్‌ను ఇంట్లో వైఫైకి కలిపి వేరే స్టోరు నుంచి యాప్ వేసుకుంటే మామూలుగా పనిచేస్తుంది. యాప్ కోసమని సిమ్ లాక్ తీయించడానికి డబ్బు పోసేవారు పనికి సంబంధం లేని ఖర్చు చేస్తున్నారు.

ఎప్పుడూ ఇలాగే లేదు. యాప్‌ల మీదే నెట్‌వర్క్ కంపెనీ వేసిన లాక్ రెండో రకం. 2010లో ఏటీ అండ్ టీ అమ్మిన ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఉదాహరణకు హెచ్‌టీసీ ఏరియాలో, బయటి యాప్‌లకు అనుమతిచ్చే మీటనే సెట్టింగ్స్ నుంచి తీసేశారు. వేరే కంపెనీలు అమ్మిన ఆండ్రాయిడ్ ఫోన్లలో "అన్‌నోన్ సోర్సెస్" అనే ఆ గడి ఉండేది. ఏటీ అండ్ టీ ఫోన్లలో దాని జాడే లేదు. ఇష్టం ఉన్నవారు యూఎస్‌బీ కేబుల్‌తో ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి, గూగుల్ డెవలపర్లకు ఇచ్చే ఏడీబీ అనే పనిముట్టుతో యాప్ పంపించుకునేవారు. ఆ దారిని కంపెనీ మూయలేదు. అయితే అది మామూలు జనం నడిచే దారి కాదు. 2011 మార్చి 22న అమెజాన్ తన యాప్‌స్టోర్ తెరిచింది. దాన్ని వేసుకోవాలంటే ఆ గడి కావాలి. ఏటీ అండ్ టీ ఖాతాదారులకు అది లేదు. ఫిర్యాదులు వెల్లువెత్తాయి. రెండు నెలలు తిరక్కుండానే కంపెనీ వెనక్కి తగ్గి ఆ గడిని తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. ఎంతోమంది అడిగిన ఆ అమెజాన్ స్టోరు కూడా ఆండ్రాయిడ్ ఫోన్లకు 2025 ఆగస్టు 20తో మూతపడింది. ప్లే స్టోర్ బయట ఉన్న స్టోరును నమ్ముకునేవారు ఈ ముగింపును గుర్తుంచుకోవాలి. స్టోరు మూతపడితే అందులో వేసుకున్న యాప్‌లకు కొత్త రూపాలు, భద్రతా సవరణలు వచ్చే దారి పోతుంది.

మన దేశంలో నెట్‌వర్క్ కంపెనీ ఫోన్‌ను తన గుప్పిట్లో పెట్టుకున్న కథ ఇంకా ముందుది. 2003 జూలైలో రిలయన్స్ 'మాన్‌సూన్ హంగామా' పేరుతో 501 రూపాయలకే సెల్‌ఫోన్ చేతిలో పెట్టినప్పుడు ఊళ్లకు ఊళ్లు మొదటిసారి సెల్‌లో మాట్లాడాయి. ఆ సీడీఎంఏ ఫోన్‌లో మార్చుకోవడానికి సిమ్మే లేదు. ఆటలైనా, వార్తలైనా 'ఆర్ వరల్డ్' మెనూలో కంపెనీ పెట్టిందే దిక్కు. 2017 జూలై 21న ప్రకటించిన జియోఫోన్‌దీ అదే దారి. 1,500 రూపాయల డిపాజిట్, జియో సిమ్ తప్ప మరొకటి పట్టదు, కైఓఎస్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్, యాప్‌లకు జియోస్టోర్ ఒక్కటే. అందరూ అడిగిన వాట్సాప్ ఆ ఫోన్‌లోకి రావడానికి 2018 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. 2021 దీపావళికి 6,499 రూపాయల ధరతో వచ్చిన జియోఫోన్ నెక్స్ట్ మాత్రం ఆండ్రాయిడ్ మీద కట్టినది. ప్లే స్టోర్ ఉంది, రెండో సిమ్‌కు చోటూ ఉంది. మొబైల్ డేటాకు మాత్రం జియో సిమ్మే కావాలి.

ఈ ఫోన్లను తక్కువగా చూడటం అన్యాయం. కుప్పం కొండ పల్లెల్లో వీడియో కాల్ చూడని అవ్వలకు మనవడి ముఖం చూపించినవి ఇలాంటివే. కాకపోతే కొనే ముందే ఒక లెక్క తెలిసి ఉండాలి. తక్కువ ధరకు వచ్చిన ఫోన్‌లో ఏ యాప్ ఉండాలో నిర్ణయించే అధికారంలో కొంత అమ్మినవాడి దగ్గరే ఉండిపోతుంది. పాత జియోఫోన్‌లో ఆండ్రాయిడ్ యాప్ ఏదీ పనిచేయదు. ఎవరెన్ని వీడియోలు చూపించినా ఆండ్రాయిడ్ యాప్ ఉండే ఏపీకే ఫైలు దానిలో ఎక్కదు. దాని మీద కుస్తీ పట్టే బదులు మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ పాతదైనా సరే తీసుకోవడం నయం.

ఇప్పుడు కలికిరి, పుంగనూరు బజార్లలో నిజంగా ఇబ్బంది పెడుతున్నది మూడో రకం, అప్పిచ్చినవాడి లాక్. కంతుల మీద ఫోన్ కొన్నప్పుడు షాపులోనే ఒక యాప్ ఎక్కిస్తారు. శామ్‌సంగ్‌లో నాక్స్ గార్డ్, వేరే ఫోన్లలో గూగుల్ డివైస్ లాక్ కంట్రోలర్ లాంటివి ఇందుకు పనికొస్తాయి. కంతు తప్పితే ఫోన్ తెర మూసుకుపోతుంది. కంతులు సరిగా కడుతున్నా, ఆ యాప్ విధించిన హద్దుల వల్ల బయటి యాప్‌లు ఎక్కకపోవచ్చు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద డివైస్ అడ్మిన్ యాప్‌ల పట్టిక తెరిస్తే ఫోన్ ఎవరి అదుపులో ఉందో చాలావరకు తెలుస్తుంది. ఇలాంటి లాక్‌లు ఆపమని 2024లో రిజర్వ్ బ్యాంకు రుణ సంస్థలకు చెప్పిందనీ, మరుసటి ఏడాది దాన్ని షరతులతో మళ్లీ అనుమతించే ఆలోచన చేసిందనీ రాయిటర్స్ వార్తాసంస్థ రాసింది.

కంతులన్నీ కట్టేశాక కూడా లాక్ పోకపోతే షాపు చుట్టూ తిరగాల్సిన పని లేదు. అప్పిచ్చిన సంస్థ నుంచి బాకీ లేదనే ఎన్‌ఓసీ తీసుకుని, లాక్ తొలగించమని రాతపూర్వకంగా అడగాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎలా చేయాలో చెబుతారు. సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనేవారికి ఇంకో జాగ్రత్త ఉంది. డబ్బు చేతిలో పెట్టకముందే, అమ్మే మనిషి ఎదుటే ఫోన్‌ను పూర్తిగా రీసెట్ చేయించి, మొదటి నుంచి ఆన్ చేసి చూడాలి. అప్పు మిగిలి ఉంటే ఇంటర్నెట్‌కు కలపగానే ఆ సంస్థ పేరు తెర మీదికి వస్తుంది. దొంగ ఫోనేమోనని అనుమానం ఉంటే ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి ఐఎంఇఐ నంబరు వేసి 14422కి ఎస్సెమ్మెస్ పంపితే ఆ ఫోన్ వివరాలు వస్తాయి.

నాలుగోది బడి లాక్. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం బైజూస్ పాఠాలు నింపిన శామ్‌సంగ్ ట్యాబ్‌లు 5,18,740 పంచడం మొదలుపెట్టింది. అందులో 4,59,564 ఎనిమిదో తరగతి పిల్లలకు, 59,176 టీచర్లకు. పాఠాలు తప్ప మరేవీ రాకుండా వాటిలో మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్ అనే అదుపు పెట్టారు. పిల్లల్లో చురుకైనవాళ్లు ఎక్కడికక్కడ దాన్ని తప్పించే దారులు వెతికారు. ఆటల కోసం, యూట్యూబ్ కోసం సెల్ షాపుల్లో ట్యాబ్‌లు 'ఓపెన్' చేయించినవాళ్లూ ఉన్నారు. పాఠాలిచ్చిన కంపెనీ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అయినా ట్యాబ్ మీద లాక్ బడిదే. తీయమని అడగాల్సింది హెడ్‌మాస్టర్‌ను. పిల్లవాడు ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు ఏదో మంచి యాప్ కావాలంటే దానికీ అదే దారి.

ఈ నాలుగూ కాకపోతే ఫోన్ నిజంగా సొంతమే. అప్పుడు అడ్డుపడేది గూగుల్ హెచ్చరికో, కంపెనీ రక్షణ మీటో. ఇటీవలి శామ్‌సంగ్ ఫోన్లలో 'ఆటో బ్లాకర్' అనేది మొదటి నుంచే ఆన్‌లో ఉండవచ్చు. బయటి యాప్ ఎక్కనివ్వదు. ఫోన్‌లో లోపం ఉందనో, నెట్‌వర్క్ కంపెనీ లాక్ చేసిందనో దాన్ని చూసి పొరబడేవారు ఎక్కువ. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అండ్ ప్రైవసీ కింద అది కనిపిస్తుంది. ఆపి, పని కానిచ్చి, మళ్లీ ఆన్ చేయాలి.

ప్లే స్టోర్ బయట నమ్మదగిన స్టోర్లు కొన్నే ఉన్నాయి. ఫోన్‌పే 2024 ఫిబ్రవరి 21న ప్రారంభించిన ఇండస్ యాప్‌స్టోర్ తెలుగుతో కలిపి 12 భారతీయ భాషల్లో పనిచేస్తుంది. తెలుగులో వెతికితే తెలుగులోనే దొరకడం ఇంగ్లిష్ రాని పెద్దలకు పెద్ద ఉపకారం. కేంద్ర ప్రభుత్వ యాప్‌లకు మొబైల్ సేవ స్టోరు ఉంది. 2010లో మొదలైన ఎఫ్ డ్రాయిడ్‌లో సోర్స్ కోడ్ అందరికీ తెరిచి ఉన్న యాప్‌లే ఉంటాయి. ఖాతా తెరవనక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు. ప్రతి యాప్ కిందా అది ఏయే అనుమతులు అడుగుతుందో, నచ్చని లక్షణం ఏదైనా ఉందో రాసి ఉంటుంది. తెలుగు టైపింగ్‌కు ఇండిక్ కీబోర్డ్, సిగ్నల్ లేకుండా దారి చూపే ఆర్గానిక్ మ్యాప్స్ అందులో దొరుకుతాయి. హార్స్‌లీ హిల్స్ ఘాట్‌లో నెట్ తెగిపోయే మలుపుల్లో ఆ రెండోది ఎంత పనికొస్తుందో అటు బండి మీద వెళ్లేవారికి చెప్పనక్కర్లేదు.

ఎక్కించే పద్ధతి తేలికే. ఒక్క మెట్టు మాత్రం తప్పకూడదు. స్టోరు చిరునామాను బ్రౌజర్‌లో చేత్తో టైపు చేసి తెరవాలి. లింకు పట్టుకుని వెళ్లకూడదు. అక్కడ స్టోరు ఏపీకే దించుకుని తెరిస్తే, ఈ బ్రౌజర్ నుంచి యాప్‌లు వేయనివ్వాలా అని ఫోన్ అడుగుతుంది. ఆండ్రాయిడ్ 8 వచ్చిన 2017 నుంచీ ఈ అనుమతి ఏ యాప్‌కు ఆ యాప్‌కే విడిగా ఇవ్వాలి. స్టోరు ఎక్కగానే వెనక్కి వెళ్లి బ్రౌజర్‌కు ఇచ్చిన అనుమతి తీసేయాలి. ఇక యాప్‌లు దించే అనుమతి ఆ స్టోరుకే ఉంటుంది. వాట్సాప్‌కు, ఫైల్ మేనేజర్‌కు ఆ అనుమతి ఎన్నడూ ఇవ్వకూడదు. ప్రమాదకరమైన యాప్‌లను పట్టుకునే గూగుల్ ప్లే ప్రొటెక్ట్‌ను ఆపమనే స్టోరు ఏదైనా సరే, దాన్ని వదిలేయాలి.

ఇంకో చిక్కు. ప్లే స్టోర్ నుంచి వేసుకున్న యాప్ మీద వేరే చోట దించిన అదే యాప్ వేయబోతే ఒక్కోసారి "యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్" అని వస్తుంది. రెండింటి మీదా ఉన్న డిజిటల్ సంతకాలు వేరైతే ఫోన్ ఒప్పుకోదు. అది ఒక హెచ్చరిక, పాత యాప్ తీసేసి బలవంతంగా వేయకూడదు. వాట్సాప్‌కు రంగులద్దిన జీబీ వాట్సాప్ లాంటివి వాడినవారి ఖాతాలను వాట్సాప్ నిలిపివేస్తోంది. బ్యాంకు, యూపీఐ యాప్‌లను మాత్రం బ్యాంకు చెప్పిన అధికారిక స్టోరు నుంచే తీసుకోవాలి.

అసలు ముప్పు ఈ స్టోర్లలో లేదు, వాట్సాప్ గ్రూపులో ఉంది. 'ఆర్టీఓ చలాన్' అని ఒక ఫైలు, 'పీఎం కిసాన్' అని ఒక ఫైలు, పెళ్లి పత్రిక అని ఇంకొకటి, తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తాయి. వాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతిలో పడి ఉంటుంది. మదనపల్లె మార్కెట్‌లో టమాటా క్రేటు కొనేవాడు పైవరస చూసి ధర కట్టడు, చెయ్యి పెట్టి అడుగు చూస్తాడు. యాప్ బొమ్మ మీద మూడు సింహాలున్నాయని నమ్మేవారు ఆ అడుగు చూడటం లేదు. అడుగంటే అది కోరే అనుమతులు. చలాన్ చూపించే యాప్‌కు ఎస్సెమ్మెస్‌లు చదవాల్సిన పనేముంది? చదివేది ఓటీపీ కోసమే.

ఇందులో ప్రభుత్వ శాఖల వాటా కూడా ఉంది. గ్రామ సచివాలయాలు వచ్చాక వలంటీర్లకు, సిబ్బందికి పనికి కావలసిన యాప్‌లు ఏపీకే ఫైళ్లుగా, లింకులుగా చేతులు మారాయి. పై నుంచి వచ్చిన ఫైలును అడక్కుండా నొక్కడం అలా ఊళ్లలో అలవాటైంది. దొంగ ఆ అలవాటునే వాడుకుంటున్నాడు. శాఖలు తమ యాప్‌లను ఒక స్టోరులో పెట్టి, గ్రూపుల్లో ఫైళ్లు పంపడం పూర్తిగా మానుకోవాలి. 2025 జనవరి 30న మొదలైన 'మన మిత్ర' ఇందుకు మంచి దారి చూపించింది. 95523 00009 నంబరుకు వాట్సాప్‌లో సందేశం పంపితే ధ్రువపత్రాలు, బిల్లులు లాంటి ఎన్నో సేవలు దొరుకుతాయి, కొత్త యాప్ ఎక్కించనక్కర్లేదు.

గూగుల్ కూడా 2024 అక్టోబరులో మన దేశానికి ప్రకటించిన ఒక ప్రయోగంలో, బ్రౌజర్ నుంచో వాట్సాప్ నుంచో దిగి ఎస్సెమ్మెస్ అనుమతి కోరే యాప్‌లను ప్లే ప్రొటెక్ట్ ఆపేసేలా చేసింది. ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలాంటి యాప్‌లకు యాక్సెసిబిలిటీ అధికారం ఇవ్వబోతే "రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్" అని తెర అడ్డుపడుతుంది. అవతల ఫోన్‌లో మాట్లాడే మనిషి "మూడు చుక్కలు నొక్కి అలౌ చేయండి సార్" అంటే అతను దొంగేనని తేలిపోయినట్టు. మాట్లాడకుండా కాల్ పెట్టేయాలి.

అప్పటికే ఫైలు నొక్కేసి ఉంటే వెంటనే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి, వైఫై కూడా ఆపాలి. ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, తర్వాత బ్యాంకుకు చెప్పాలి. సిగ్గుపడి తెల్లారేదాకా ఆగితే డబ్బు నాలుగైదు ఖాతాలు దాటిపోతుంది. గంటలోపు చెబితే దారిలో ఆపే అవకాశం ఎక్కువ. ఆ తర్వాతే ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ యాప్‌కు ఉన్న అడ్మిన్ అధికారం తీసి, యాప్ తొలగించాలి. కాల్ ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే ##002# తో రద్దవుతుంది. పిన్‌లన్నీ మార్చేది ఇంకో ఫోన్ నుంచే.

చట్టం ఎటు నడుస్తోందో కూడా తెలిసి ఉండటం మంచిది. 2022 అక్టోబరు 20న కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసి, ప్లే స్టోర్‌లోనే వేరే స్టోర్లకు చోటివ్వాలని, బయటి యాప్‌లకు అడ్డుపడొద్దని ఆదేశించింది. 2023 మార్చి 29న అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించి, ఆ రెండు ఆదేశాలను పక్కన పెట్టింది. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2024 మార్చి నుంచి ఐఫోన్‌లోనూ వేరే స్టోర్లు తెరుచుకున్నాయి. ఇక్కడి ఐఫోన్‌కు ఇంకా యాప్‌స్టోర్ ఒక్కటే.

ముందున్న మార్పు పెద్దది. తమ గుర్తింపు నమోదు చేసుకోని డెవలపర్ల యాప్‌లను, గూగుల్ ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కనివ్వబోమని 2025 ఆగస్టులో ఆ కంపెనీ ప్రకటించింది. బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లలో 2026 సెప్టెంబరు నుంచి, మిగతా ప్రపంచంలో 2027 నుంచి అని తేదీలు పెట్టింది. అభ్యంతరాలు వచ్చాక, ముప్పు తెలిసి చేసుకునేవారికి ఒక దారి ఉంచుతామని నవంబరులో చెప్పింది. ఎఫ్ డ్రాయిడ్ దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తోంది, ఎందుకంటే దాని యాప్‌లు రాసేవారిలో చాలామంది పేరు చెప్పుకోని స్వచ్ఛంద కార్యకర్తలు. కలికిరి జేఎన్‌టీయూ కాలేజీలో చదివే కుర్రాడు పుంగనూరులో పాల లెక్కలు రాసుకోవడానికి ఒక చిన్న యాప్ చేసి చుట్టాలకు ఇవ్వాలనుకుంటే, అతనిలాంటి విద్యార్థుల కోసం కొద్ది ఫోన్లకు పరిమితమైన ఉచిత ఖాతా ఉంటుందని గూగుల్ అంటోంది. ఊరంతా వాడేలా చేయాలంటే మాత్రం అతను తన గుర్తింపు పత్రాలతో నమోదు కావాల్సిందే. కాబట్టి అలాంటి యాప్ మీద పనిచేస్తున్నవారు 2027 దాకా ఆగకుండా ఇప్పుడే ఆ ఖాతా నిబంధనలు చదువుకోవాలి, యాప్ మీద వేసే డిజిటల్ సంతకపు కీని ఎక్కడ దాచారో రాసిపెట్టుకోవాలి. ఆ కీ పోతే పాత యాప్ మీద కొత్తది ఎక్కదు, పాల లెక్కలు మొదటి నుంచి రాసుకోవాల్సి వస్తుంది.